ఎత్తేవాడి మాట

ఢిల్లీ అశోకా రోడ్డుకి రెండు కొసల్లో రెండు పెద్ద వంటశాలలు ఉన్నాయి. ఇండియా గేట్ వైపు, ఒకటో నంబరు ఆవరణలో ఆంధ్రా భవన్ క్యాంటీన్. గోల్ డాక్ ఖానా వైపు బంగ్లా సాహిబ్ గురుద్వారా లంగరు. ఈ రెంటికీ నడుమ ఉన్న బంగ్లాల్లో, ఆఫీసుల్లో తెలుగువాళ్ల విందు ఏది జరిగినా వండి తెచ్చే పెద్దాయన ఒకరు ఉండేవారు. కథలో మనిషే అయినా, ఇలాంటివాళ్లు లేని నగరం లేదు. ఆయనది గోదావరి జిల్లా. వంటిల్లు మునిర్కాలో ఒక ఇంటి కింది అంతస్తు.

2024లో ఆయన డీజిల్ బండికి పదేళ్లు నిండవచ్చాయి. ఢిల్లీవాళ్లు ఛోటా హాథీ అని ముద్దుగా పిలుచుకునే టాటా ఏస్ అది. పదేళ్లు దాటిన డీజిల్ బండి రాజధానిలో తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లోనే సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చలికాలం వచ్చి పొగ కమ్మితే వచ్చే ఆంక్షలు సరేసరి. అందుకని కరెంటు బండే కొందామని ఇంట్లో అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఏ బండి అన్న దగ్గరే పేచీ.

"పెద్దదే తీసుకుందాం నాన్నా," అన్నాడు కొడుకు. "టన్ను మోసే ఏస్ ఈవీ ఈ ఏడే వచ్చింది. ఒక్క ఛార్జింగుకి 161 కిలోమీటర్లంట. కార్తీక వనభోజనాలకి ఎనిమిది వందల మంది వంట ఒక్క ట్రిప్పులో దించెయ్యొచ్చు. పైగా చిన్న కరెంటు బళ్లకి నో ఎంట్రీ గొడవ లేదు."

ఆ చివరి మాట నిజం. సరుకు బళ్లని రద్దీ వేళల్లో రానివ్వని రోడ్లు ఢిల్లీలో సుమారు 250 ఉన్నాయి. 2021లో అక్కడి ప్రభుత్వం చిన్న ఎలక్ట్రిక్ సరుకు బళ్లకి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. పన్నెండున్నరకి విస్తరి వెయ్యాల్సిన వంటవాడికి దీని విలువ ఇంతని చెప్పలేం.

అల్లుడు లెక్కల మనిషి. "ఏడాదికి ఒక్కరోజు కోసం మిగతా రోజులన్నీ కిస్తీ కట్టడం దేనికండీ మావయ్యగారూ? 2022లో వచ్చిన ఏస్ ఈవీ ఆరు వందల కిలోలు మోస్తుంది, 154 కిలోమీటర్లు వెళ్తుంది. మనం రోజుకి తిరిగేది డెబ్భై దాటదు కదా. వెనకాల రెండు బల్లలు వేయిస్తే ఆదివారాలు పిల్లల్ని గోల్ మార్కెట్ బాలాజీ గుడికి కూడా తీసుకెళ్లొచ్చు."

"సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించకూడదయ్యా, చట్టం ఒప్పదు," అన్నారు పెద్దాయన. "గుడికి మెట్రో ఉంది."

గంగాళాలు తోముతున్న ముసలాయన అప్పుడు తలెత్తాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ వంటింట్లోనే ముసలైపోయిన మనిషి. "బండి అంచు ఎంత ఎత్తుంటాది బావూ?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. కిలోమీటర్లు తెలుసు, కిలోలు తెలుసు, కిస్తీ తెలుసు. నేల నుంచి బండి అంచు దాకా ఉన్న ఎత్తు ఎవరికీ తట్టలేదు. సలసల కాగే అరవై లీటర్ల సాంబారు డేగిసని పదేళ్లుగా ఆ ఎత్తుకి లేపుతున్నది ఆయనా, ఇంకో కుర్రాడూ.

పెద్దాయన అప్పటికి ఏమీ అనలేదు. మర్నాడు మూడు వందల మంది భోజనం బండికెక్కించాక, దాన్ని తిన్నగా ఓఖ్లా మండీ దగ్గర కాటా మీదికి పోనిచ్చారు. సరుకు 690 కిలోలు తేలింది. ముందు కూర్చున్న ఇద్దరు మనుషుల్నీ కలిపితే 830. అల్లుడు మొహం వాడిపోయింది. కొడుకు నవ్వబోయాడు గానీ ముసలాయన బండి వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే చూపించడం మొదలెట్టాడు. అన్నం, పప్పు, కూరలు, సాంబారు, పెరుగు, గిన్నెలు అన్నీ కలిపి 490. మిగతా రెండు వందలూ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, పది.

"నీళ్లు అక్కడ దొరకవేటి బావూ? మునిర్కా నుంచి మొయ్యాలేటి?"

నీళ్లు దించేశారు. విందు జరిగే చోటికే క్యాన్లు తెప్పించే ఏర్పాటు చేసుకున్నారు. అయినా మనుషులతో కలిపి 630. ఆరు వందల బండి చాలదు. టన్ను బండే కొన్నారు. కొడుకు చెప్పిన బండే గానీ, కొడుకు చెప్పిన కారణానికి కాదు. వనభోజనాల రోజున ఇంకో బండి అద్దెకి తెచ్చుకుంటే సరిపోయింది.

కొనేముందు ముసలాయన్ని షోరూముకి తీసుకెళ్లారు. డేగిసలో అరవై లీటర్ల నీళ్లు పోసి ఆయనా కుర్రాడూ ఎక్కించి, దించి చూశారు. మూడోసారి దించాక ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు కదల్లేదు. టన్నుకీ 630కీ మధ్య మిగిలిన బరువుని దేనికి వాడాలో పెద్దాయనకి అక్కడ తెలిసింది. మడిచి లోపల పెట్టుకునే ఇనుప వాలు పలక ఒకటి, చక్రాల తోపుడు బల్ల ఒకటి చేయించారు. బంగ్లా గేటు ముందు వెనక భాగం తిప్పే చోటు లేకపోయినా సరుకు దించుకునేలా పక్క తలుపు పెట్టించారు. కొడుకు ముచ్చటపడ్డ పెద్ద మూత పెట్టె వద్దన్నారు, దాని బరువు కూడా సరుకు బరువులోంచే పోతుంది కనక.

పలక వచ్చాక డేగిసలు నెట్టుకెళ్లే పనికి వంటింట్లో ఆడవాళ్లు కూడా ముందుకొచ్చారు. అంతకుముందు బండి దగ్గరి కూలి మగవాళ్లకే దక్కేది.

నీతి: బరువు బండిని ఎంచుకునేటప్పుడు ఆ బరువుని చేత్తో ఎత్తే మనిషిని ముందు అడగాలి.

ఇది ముసలాయన మీద జాలితో చెబుతున్న మాట కాదు. బండి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆయనకే. డబ్బు పెట్టేవాడు బండిని కాగితం మీద చూస్తాడు, నడిపేవాడు స్టీరింగు వెనక నుంచి చూస్తాడు. ఏది బరువో, ఏది అక్కర్లేని బరువో ఎత్తేవాడి వెన్నుకి తెలుస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక సిఫారసు చేసింది: వయసొచ్చిన మగవాడు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకూడదని. నిండు సాంబారు డేగిస గిన్నెతో కలిపి డెబ్భై దాటుతుంది. ఇద్దరు పట్టుకున్నా, ఆవిరి మొహానికి కొడుతుంటే ఆ బరువు వేరు.

కరెంటు బళ్ల చరిత్రలో ఈ మాట వినిపించుకున్నవాళ్లు ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో పాలు ఇంటింటికీ చేరింది ఎక్కువగా బ్యాటరీ బళ్ల మీద. నెమ్మదిగా పోయేవి, దూరం పోలేవు. కానీ పక్కలు తెరిచి ఉండేవి, అడుగు నేలకి దగ్గరగా ఉండేది, ఎందుకంటే పాలవాడు ప్రతి నాలుగు ఇళ్లకీ దిగి ఎక్కాలి. రాత్రికి డిపోకి చేరితే తెల్లారేలోగా ఛార్జింగు. ఆ బండిని పాలవాడి కాళ్లకి సరిపడా కట్టారు, అందుకే దశాబ్దాలు నడిచింది. మన చిన్న ట్రక్కుల్లో బ్యాటరీ సరుకు అరుగు కిందే ఉంటుంది, కాబట్టి అరుగు దిగదు. దిగని అరుగుకి వాలు పలక కావాలి.

దూరం గురించి ఒక్క మాట. కంపెనీ చెప్పే 154, 161 పరీక్షలో వచ్చిన అంకెలు. నిండు సరుకు, ట్రాఫిక్, ఢిల్లీ జనవరి చలి కలిస్తే తగ్గుతాయి. మీ రోజు ప్రయాణం అందులో సగానికి అటూ ఇటూగా ఉంటే దిగులు అక్కర్లేదు. రాత్రి బండి నిలిపే చోట పదిహేను ఆంపియర్ల సాకెట్ ఉందా అన్నది మాత్రం కొనక ముందే చూసుకోవాలి. 21.3 యూనిట్ల బ్యాటరీ దానిమీద నిండడానికి ఆరేడు గంటలు పడుతుంది. అద్దె ఇల్లయితే ఇంటాయనతో మీటరు సంగతి ముందే తేల్చుకోవాలి.

ఇక డీజిల్ మీద మిగిలే డబ్బు. అది మొదటి నెల నుంచే కనిపిస్తుంది, కనిపించగానే కిస్తీలోకి జారిపోతుంది. వాలు పలక, తోపుడు బల్ల ఖర్చు బండి ధరలోనే కలిపి అప్పు అడగండి. తరవాత చూద్దాం అనుకుంటే ఆ పలక ఎప్పటికీ రాదు, ముసలాయన ఎత్తుతూనే ఉంటాడు.