ఎక్కడ నిలబడాలి?

"ఎక్కడ నిలబడాలో తర్వాత చెప్తా తమ్ముడూ, ముందు నీకేం చూడాలనుందో చెప్పు" అన్నాడు అన్న.

నాంట్‌లో చదువుకుంటున్న రోజులవి. అన్న అంటే సొంత అన్న కాదు. నెల్లూరు వైపు మనిషి, పదేళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉద్యోగం. ప్రతి జూన్‌లో ఒక శనివారం సంచీలో పులిహోర, రెయిన్‌కోటు, చిన్న రేడియో సర్దుకుని లె మాన్స్ రైలెక్కేస్తాడు. (అక్కడివాళ్ళు "ల మాఁ" అంటారు. మనం టీవీలో విన్న పేరు ఇంక నోట్లోంచి పోదు.) ఇరవై నాలుగు గంటల కారు రేసు. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలైతే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. కారుకి ముగ్గురు డ్రైవర్లు, వంతులేసుకుని నడుపుతారు. 1923 నుంచీ జరుగుతోంది.

ఏం చూడాలనుందంటే ఏం చెప్పను? రేసు చూడాలని ఉంది అన్నాను. నవ్వేశాడు. రేసు ఎవరికీ కనపడదట.

లెక్క వేస్తే నిజమే. ట్రాకు పొడవు 13.626 కిలోమీటర్లు. ఏడాదంతా మామూలు జనం తిరిగే రోడ్లు కొన్ని ఆ వారం కంచె వేసి రేసుకి ఇచ్చేస్తారు. నువ్వు ఎంత మంచి చోటు పట్టుకున్నా నీకు కనపడేది ఏ మూడొందల మీటర్లో. అంటే వందలో రెండొంతులు. ముందున్న కారు నీ ముందుకొచ్చి వెళ్ళడం కొన్ని సెకన్లు, మళ్ళీ రావడానికి మూడున్నర నిమిషాలు. మిగతా కథంతా నువ్వు లేని చోట జరుగుతుంది. 2016లో మొత్తం రేసు గెలిచేశాం అనుకున్న టొయోటా కారు, ఇంకా మూడు నిమిషాల చిల్లర ఉందనగా, సరిగ్గా స్టార్ట్ గీత దగ్గర ఆగిపోయింది. నకజిమా అనే డ్రైవరు లోపల, గ్యారేజీ పక్కనే, ఎవరూ ఏమీ చేయలేరు. పోర్షే గెలిచింది. గ్రాండ్‌స్టాండులో కూర్చున్నవాళ్ళు అది కళ్ళారా చూశారు. అన్న ఆ రోజు ట్రాకుకి ఆ కొసన ఉన్నాడు. "రేడియోలో విన్నా. నా ముందు మాత్రం పక్షులు అరుస్తున్నాయి" అన్నాడు.

సరే, కరెంటు బిల్లు వెనకాల ఒక బొమ్మ గీసిచ్చాడు. నక్షత్రాలు పెట్టాడు. డన్‌లప్ వంతెన కింద ఒకటి, అక్కడ కార్లు గుట్ట ఎక్కి దిగుతాయి. దిగాక పాములా మెలికలు తిరిగే ఎస్సెస్ దగ్గర ఒకటి. టెర్త్ర్ రూజ్ మలుపు దగ్గర రెండు. పోర్షే కర్వ్స్‌కి ఒకటి. దూరంగా, షటిల్ బస్సెక్కి వెళ్ళాల్సిన ఇండియానాపోలిస్, అర్నాజ్ మలుపులకి మూడు నక్షత్రాలు, కింద రెండు గీతలు. "రాత్రికి అక్కడే. పదకొండు దాటాక వెళ్ళు."

బొమ్మ చూస్తే ఒక విషయం వింతగా అనిపించింది. కార్లు అన్నిటికన్నా వేగంగా పోయేది ముల్సాన్ స్ట్రెయిట్ మీద. ఆరు కిలోమీటర్ల సూటి రోడ్డు, 1990లో మధ్యలో రెండు మెలికలు పెట్టి వేగం తగ్గించాల్సి వచ్చిన రోడ్డు. దాని మీద ఒక్క నక్షత్రం లేదు. అక్కడ జనాన్ని నిలబడనివ్వరు, అదొక కారణం. "నిలబడనిచ్చినా ఏముంటుంది? సుయ్‌మని పోతాయి, అంతే" అన్నాడు అన్న. నక్షత్రాలన్నీ బ్రేకు నొక్కాల్సిన చోట్లే ఉన్నాయి. అంటే తప్పు జరగగల చోట్ల.

ఇది అన్న ఒక్కడి పిచ్చి కాదు. ఏ రేసుకి వెళ్ళే ఏ మనిషినడిగినా ఇదే మాట. ఏ మలుపు మోసం చేస్తుందో అదే మంచి చోటు. దీన్ని ఎవరూ చెడ్డ మాటగా అనుకోరు, నేనూ అనుకోలేదు. సినిమా హాల్లో ఏ వరసలో కూర్చుంటే మెడ నొప్పెట్టదో చెప్పినంత మామూలుగా చెప్తారు.

పగలంతా బాగానే గడిచింది. మూడు లక్షల పైచిలుకు జనం. టెర్త్ర్ రూజ్ దగ్గర గడ్డి మీద కూర్చుని, అన్న ఇచ్చిన పులిహోర తింటూ, అరవై చిల్లర కార్లు కుడివైపు తిరిగి సూటి రోడ్డు మీదికి వెళ్ళిపోవడం చూశాను. శబ్దాన్ని బట్టి కార్లని గుర్తుపట్టడం మొదలైంది. కార్వెట్ వస్తుంటే ముందు ఛాతీకి తెలుస్తుంది, తర్వాత చెవికి. రాత్రి పదింటికి గానీ చీకటి పడలేదు.

పదకొండున్నరకి అర్నాజ్. ఇండియానాపోలిస్‌లో పెద్ద వేగంతో కుడికి ఒరిగి, వెంటనే ఎడమకి తిరిగి, ఊపిరి పీల్చుకునేలోపు అర్నాజ్‌లో మళ్ళీ కుడికి తిరగాలి. మొత్తం ట్రాకులో ఇదే అన్నిటికన్నా నెమ్మది మలుపు. మట్టిగట్టు మీద నిలబడితే కార్లు చాలా దగ్గర. బ్రేకు డిస్కులు చీకట్లో కణకణలాడే బొగ్గుల్లా ఎర్రగా కనపడతాయి. అంత అందం నేనెక్కడా చూడలేదు, చెప్పొద్దూ.

ఒంటిగంట ప్రాంతంలో ఒక జీటీ కారు తిరగలేదు. తిరగాల్సిన చోట తిరగకుండా సూటిగా వెళ్ళి టైర్ల గోడలో దూరింది. చప్పుడు పెద్దదేం కాదు. జనం మాత్రం ఒక్కసారిగా "ఓ..." అన్నారు. నేను ఫోన్లో తీస్తున్నాను అప్పటికే.

ఆ వీడియో ఇప్పటికీ ఉంది. యాభై రెండు సెకన్లు. కారు గోడకి తగిలేది మూడో సెకనులో. ఐదో సెకనులో ఒక గొంతు స్పష్టంగా, తెలుగులో, "దొరికింది!" అంటుంది. నా గొంతే. కారులో చలనం కనపడేది నలభై నాలుగో సెకనులో. వెనక తెల్ల లైటు వెలుగుతుంది, కారు వెనక్కొస్తుంది, ముందు భాగం నేలకి రాసుకుంటూ కుంటుకుంటూ వెళ్ళిపోతుంది. జనం చప్పట్లు. నేనూ కొట్టాను. ఐదో సెకనుకీ నలభై నాలుగుకీ మధ్య లోపలి మనిషి ఎలా ఉన్నాడో గట్టు మీద ఎవరికీ తెలీదు. నా సంతోషం తెలుసుకునే దాకా ఆగలేదు.

"ఎక్కువ ఆలోచిస్తున్నావ్ తమ్ముడూ" అన్నాడు అన్న, తర్వాత ఈ మాట చెప్తే. ఆయన వాదన తేలిగ్గా తీసేసేది కాదు. తప్పు జరగడానికి వీల్లేని చోట నేర్పు కూడా కనపడదు, సూటి రోడ్డు మీద నేనూ నడపగలను, మలుపులోనే డ్రైవరు ఎవరో తెలుస్తుంది. మనం చూడటానికి వచ్చింది పడిపోవడం కాదు, పడకపోవడం. ఆ రాత్రి నీ ముందు ఎన్ని వందల సార్లు కార్లు తిరిగాయి? ఒక్కటి తిరగలేదు. నువ్వు ఆ ఒక్కదాన్నే గుర్తుపెట్టుకున్నావంటే అది మలుపు తప్పా?

ఒప్పుకుంటాను. కానీ తిరిగిన ఆ వందల కార్లలో ఒక్కదానికీ నేను "దొరికింది" అనలేదు కదా.

చిన్నప్పుడు గుంటూరులో మా వీధిలోకి తాడు మీద నడిచే ఆట వచ్చేది. నా వయసు పిల్ల, చేతిలో గడ, తల మీద చెంబులు. మేమంతా తాడు మధ్యభాగానికి సూటిగా కింద చేరేవాళ్ళం, ఊగేది అక్కడే గనక. మా నాయనమ్మ ఆట మొదలవకముందే డబ్బులు పళ్ళెంలో వేసి లోపలికెళ్ళిపోయేది. చూడకుండా డబ్బులెందుకిస్తావని అడిగితే, "ఆ పిల్ల దిగిందని చెప్పు, వస్తా" అనేది. నాకప్పుడు ఆవిడ పిరికిదనిపించేది.

మన అలంకారికులు దీనికొక దారి చూపించారు. శాకుంతలం మొదట్లో దుష్యంతుడి రథం తరుముతుంటే మెడ తిప్పి వెనక్కి చూస్తూ పారిపోయే లేడి ఉంది. భయానక రసానికి అభినవగుప్తుడు ఎత్తుకున్న ఉదాహరణ ఆ పద్యమే. ఆ భయం లేడిదీ కాదు, నీదీ కాదు, ఒక దేశానికీ కాలానికీ కట్టుబడనిది, అందుకే దాన్ని ఆస్వాదించగలం అంటాడు. నాటకశాలలో ఇది బాగుంది. ఎందుకంటే అక్కడ లేడి లేదు. అర్నాజ్‌లో లేడి ఉంది. దానికి హెల్మెట్ ఉంది, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళున్నారు. నిజమైన భయాన్ని కూడా నాటకంలా చూసే వీలు నాకు కల్పించింది అభినవగుప్తుడు కాదు, మధ్యనున్న కంచె.

ఆ కంచె కథ కూడా చెప్పాలి. 1955 జూన్ 11, సాయంత్రం ఆరుంబావు దాటాక. అప్పట్లో పిట్‌లకీ ట్రాకుకీ మధ్య గోడ లేదు. ఎదురుగా మట్టికట్ట, దాని వెనక కిక్కిరిసిన జనం. రేసులో అన్నిటికన్నా మంచి చోటు అదే అని అందరూ అనుకునేవారు, స్టార్టూ అక్కడే, పిట్‌లూ అక్కడే. బాగా కనపడాలని కొందరు నిచ్చెనలు తెచ్చుకుని ఎక్కారు. హాథార్న్ నడుపుతున్న జాగ్వార్ పిట్‌లోకి వెళ్ళడానికి బ్రేకు వేసింది. వెనకున్న మాక్లిన్ ఆస్టిన్ హీలీ పక్కకి తప్పుకుంది. దాని వెనక పియేర్ లెవే మెర్సిడెస్. హీలీ వెనక భాగం మీదుగా లేచి మట్టికట్టని కొట్టుకుంది. ముక్కలు జనంలోకి వెళ్ళాయి. ఎనభై మందికి పైగా ప్రేక్షకులు పోయారు, లెవే కూడా.

ఆ లెవే 1952లో ఇదే రేసుని తోటి డ్రైవరుకి వంతు ఇవ్వకుండా దాదాపు ఇరవై మూడు గంటలు ఒక్కడే నడిపి, ముందంజలో ఉండగా ఇంజను పోయి ఓడిపోయిన మనిషి. జనం ఆయన్ని ప్రేమించింది దానికే. ఆ రోజు మట్టికట్ట వెనక ఉన్నవాళ్ళలో ఎందరు ఆయన కోసమే చూస్తున్నారో.

రేసు ఆపలేదు. అందరూ ఒక్కసారి బయల్దేరితే రోడ్లు నిండిపోయి అంబులెన్సులకి దారి ఉండదన్నారు. అది అబద్ధమని అనలేను. అర్ధరాత్రి దాటాక మెర్సిడెస్ తన మిగతా కార్లని వెనక్కి తీసుకుంది. హాథార్న్ గెలిచాడు. స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసుల్నే నిషేధించి దశాబ్దాల పాటు అలాగే ఉంచింది. లె మాన్స్‌లో పిట్‌లు, స్టాండ్‌లు కూలగొట్టి మళ్ళీ కట్టారు.

నేను పులిహోర తిన్న టెర్త్ర్ రూజ్ దగ్గర 2013లో, రేసు మొదలైన పది నిమిషాలకే, అలన్ సిమన్సెన్ అనే డ్రైవరు గోడకి గుద్దుకుని చనిపోయాడు. అప్పుడూ రేసు ఆగలేదు. మిగతా కార్లని నడపమని ఆయన కుటుంబమే అడిగిందని జట్టు చెప్పింది. ఈ సంగతి నాకు ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. అన్నకి ముందే తెలుసు. బొమ్మలో ఆ మలుపుకి రెండు నక్షత్రాలు ఎందుకు పెట్టావని అడగబోయి ఊరుకున్నాను. అది నిజంగానే మంచి చోటు.

ఒక సంగతి మాత్రం ఆ రాత్రే చూశాను, అప్పుడు అర్థం కాలేదు. ట్రాకు వెంట నారింజ రంగు బట్టల్లో మార్షల్స్ ఉంటారు. జెండాలూపుతారు, ముక్కలు ఏరుతారు, కారు ఆగిపోతే పరిగెడతారు. వాలంటీర్లే. వాళ్ళని ఎక్కడ నిలబెట్టాలో ఎవరు గీశారో గానీ, ఆ బొమ్మా అన్న గీసిన బొమ్మా పక్కపక్కన పెడితే పెద్ద తేడా ఉండదు. మేం మూడు నక్షత్రాలు పెట్టిన మలుపులోనే వాళ్ళ కాపలా. అదే గట్టు, అదే చీకటి, అదే కారు కోసం చూపు. "దొరికింది" అన్న నా వీడియోలో, ఏడో సెకనులోనే ఒక నారింజ ఆకారం ఫ్రేములోకి పరిగెత్తుకొస్తుంది. ఇంకొకరు పసుపు జెండా ఊపుతుంటారు. అతను కారు దగ్గరికెళ్ళి, వంగి, లోపలికి చూసి, వెనక్కి తిరిగి చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి ఎవరికో సైగ, మాకు కాదు.

తెల్లవారుజామున అర్నాజ్‌లోనే ఉన్నాను. చలి. ఆ మార్షలే అనుకుంటా, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు, కళ్ళు మాత్రం కప్పులో లేవు. కార్లు వచ్చే వైపే చూస్తున్నాడు. ఒక కారు మలుపు తిరిగి సురక్షితంగా అవతలికి వెళ్ళిందంటే దాన్ని ఇంక చూడడు, వెంటనే తర్వాతి దాని వైపు తల తిప్పుతాడు. మేము దానికి సరిగ్గా తిరగేసి. కారుతో పాటే మా తలలు వెళ్ళిపోయేవి, దాని వెనక లైట్లు కనపడినంత దూరం. కాసేపు అతనిలా చూద్దామని ప్రయత్నించాను. చాలా విసుగు. పది నిమిషాలు కూడా నిలవలేకపోయాను.

వచ్చే జూన్‌కి టికెట్ కొన్నాను. అన్నకి మెసేజ్ పెడితే, "ఈసారి పోర్షే కర్వ్స్ కెళ్ళు, గోడలు పక్కనే ఉంటాయి, ఒళ్ళు జలదరిస్తుంది" అని రాశాడు. నేను అర్నాజ్ అన్నాను. ఎందుకని అడిగాడు. బ్రేకు డిస్కులు ఎర్రగా కనపడతాయి గదా అని రాశాను. అది నిజమే. వీడియో ఆయనకి ఇంతవరకూ పంపలేదు.