పిల్లికి బిళ్ళ

ఈ సంభాషణలో మనుషులిద్దరూ, పిల్లులు రెండూ కల్పితం. మందులూ, వాటి మీద జరిగిన పరీక్షలూ కావు.

మావయ్య తెనాలిలో తర్కం చెప్పి రిటైరైన మనిషి. ఆర్నెల్లు ఉండి పోదామని కాలిఫోర్నియాలో, శాక్రమెంటో శివారున ఉన్న మేనకోడలి ఇంటికి వచ్చాడు. మేనకోడలు లలిత పశువైద్యురాలు. పిల్లుల్లో పెద్దది మిరియం, నల్లటి గండుపిల్లి, చిన్నప్పుడే ఆపరేషన్ అయింది. రెండోది గోధుమరంగు ఆడపిల్లి, ఏడాది కిందట వచ్చింది. ఈ గొడవలో అది చేసిందేమీ లేదు. ఇంట్లో ఉండటమే దాని నేరం.

మావయ్య తన పెట్టె దింపిన మర్నాడు మిరియం దాని దగ్గరకు వచ్చింది. మూలమూలా వాసన చూసింది. వెనక్కి తిరిగి తోక నిట్టనిలువుగా లేపింది. తోక కొస సన్నగా వణికింది, వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కాయి, పెట్టె పక్కన ఒక చార జారింది. చెంచాడు ఉంటుందేమో. వాసన మాత్రం ఇల్లంతా. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, అది విరిగితే గంధకం కలిసిన ఘాటు పుడుతుంది. లోపలున్న గోంగూర పచ్చడి సీసాలకు ఏమీ కాలేదు గానీ, పెట్టె గరాజుకు వెళ్ళింది, మాట మందు దాకా వచ్చింది.

మావయ్య: దానికి రోగమేమీ లేదంటున్నావు. మరి మందెందుకు?

లలిత: రోగం లేదని తేల్చుకున్నాకే అంటున్నాను మావయ్యా. మూత్రపరీక్ష చేశాను. కూర్చుని, నేల మీద పోస్తే ఆ కథ వేరు. మూత్రాశయం మంట కావచ్చు, రాళ్ళు కావచ్చు, ఇసుక తొట్టె నచ్చకపోయి ఉండొచ్చు. గండుపిల్లి మాటిమాటికీ కూర్చుంటోంది, చుక్క రావడం లేదంటే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మనవాడు నిలబడి, నిలువుగా ఉన్నదాని మీద, కొంచెమే చిమ్ముతున్నాడు. హద్దు వేసుకుంటున్నాడు.

మావయ్య: హద్దు వేసుకోవడం పిల్లి ధర్మం. మీరు ఆపరేషన్ చేశారు, తలుపులు మూశారు, ఇంకో పిల్లిని తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. నేనొకణ్ణి, పదివేల మైళ్ళ వాసనలు మోసుకుని దిగాను. ఇన్నయ్యాక అది ‘నాకిక్కడ బాగాలేదు’ అంటే నోట్లో బిళ్ళ పెట్టి మాట్లాడొద్దంటారా?

లలిత: ఆపరేషన్‌తో చాలావాటికి ఈ అలవాటు పోతుంది. ఇక్కడ పక్కనే డేవిస్ యూనివర్సిటీలో 1980లలో లెక్క కట్టారు. ఆపరేషన్ అయ్యాక కూడా చిమ్మేవి మగవాటిలో నూటికి పది, ఆడవాటిలో ఐదు. మిరియం ఆ పదిలో పడ్డాడు. ఫ్లూఆక్సెటిన్ ఇద్దామనుకుంటున్నాను.

మావయ్య: మనుషులు దిగులుకు వాడేదేగా అది?

లలిత: అదే. ప్రోజాక్ పేరుతో మనుషులకు 1987లో ఆమోదం వచ్చింది. ఒంటరిగా వదిలితే తల్లడిల్లే కుక్కల కోసం 2007లో వేరే పేరుతో వచ్చింది. పిల్లి చిమ్మడానికని ప్రభుత్వం ముద్ర వేసిన మందు ఈ దేశంలో లేదు. ఉన్న మందునే డాక్టరు తన బాధ్యత మీద రాస్తాడు, అందుకు చట్టం ఒప్పుకుంటుంది. అలాగని మన కాప్సూల్ విప్పి పిల్లి గిన్నెలో పోయకూడదు. మనిషి కాప్సూల్‌లో మామూలుగా 20 మిల్లీగ్రాములుంటుంది, పరీక్షల్లో పిల్లికి ఇచ్చింది కిలోకు ఒక మిల్లీగ్రాము. మిరియం నాలుగున్నర కిలోలు.

మావయ్యకు నమ్మకం కుదరలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, ఈ వైద్యం చరిత్ర అంత గొప్పదేమీ కాదు. ఒకప్పుడు ప్రొజెస్టిన్ హార్మోన్లు ఇచ్చేవాళ్ళు. చిమ్మడం తగ్గేది గానీ, కొన్నిటికి షుగర్ వచ్చేది, రొమ్ముల్లో గడ్డలు లేచేవి. తర్వాత డయజెపామ్ వంతు వచ్చింది, వాలియం అంటే అందరికీ తెలుస్తుంది. అదీ పనిచేసింది. 1996లో అమెరికా పశువైద్య పత్రికలో 11 పిల్లుల ఉదంతం అచ్చయింది. నోటితో డయజెపామ్ వేసిన కొద్ది రోజుల్లోనే వాటి కాలేయం కుప్పకూలింది. పైగా ఆ మందు ఆపితే దాదాపు అన్ని పిల్లులూ మళ్ళీ మొదలుపెట్టేవి. గోడ ఆరడం కోసం పిల్లినే పణంగా పెట్టిన రోజులవి. లలిత ఇదంతా దాచకుండా చెప్పింది. 2001లో డేవిస్ వాళ్ళు 17 పిల్లులతో చేసిన ఫ్లూఆక్సెటిన్ పరీక్ష సంగతీ చెప్పింది. కొన్నిటికి మందు, కొన్నిటికి మందు లేని ఉత్తి డోసు ఇచ్చారు. మందు తిన్నవాటిలో వారానికి సగటున 8కి పైగా ఉన్న మరకలు రెండో వారానికే రెండు లోపుకు, ఎనిమిదో వారానికి ఒకటి లోపుకు దిగాయి. ఉత్తి డోసు తిన్నవి ఆ దరిదాపులకు రాలేదు.

మావయ్య: ఆగు. లెక్కపెట్టిందేమిటి?

లలిత: మరకలు.

మావయ్య: ఎవరు లెక్కపెట్టారు?

లలిత: ఇంటివాళ్ళు.

మావయ్య: అంటే ఫిర్యాది, సాక్షి ఒక్కరే. గోడలు బాగుపడ్డాయని రుజువైంది, ఒప్పుకున్నాను. పిల్లి బాగుపడిందని ఎక్కడ రుజువైంది? మా పిల్లలకు మొదటి పాఠమే అది. కొండ మీద పొగ కనబడితే నిప్పుందని చెప్పొచ్చు. పొగ లేదు కాబట్టి నిప్పు లేదంటే మాత్రం వాదం విరుగుతుంది. దానికి తర్కంలో ఇనపగుండును చూపిస్తారు. కొలిమిలో ఎర్రగా కాలిన గుండులో నిప్పుంది, పొగ లేదు. నీ బిళ్ళ మిరియాన్ని అట్లాంటి గుండుగా మార్చదని ఏమిటి? లోపల భయం భయంలాగే ఉండి, చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోతే?

లలిత: ఈ మందు మూత్రాశయాన్ని బిగించదు మావయ్యా. తొట్టెలోకి వెళ్ళడం ఎప్పటిలాగే వెళ్తుంది. పనిచేసేది మెదడులో, సెరటోనిన్ మీద.

మావయ్య: ఎక్కడ పనిచేస్తుందో చెప్పావు. ఏం చేస్తుందో చెప్పలేదు. మత్తులో జోగే పిల్లి కూడా గోడల జోలికి పోదు.

లలిత: సరే, ఇంకోవైపు నుంచి రండి. హద్దు వేసుకోవడం పిల్లి ధర్మమన్నారు. పిల్లి గుర్తులన్నీ ఒక రకం కావు. బుగ్గలు తలుపు వారకు రాస్తుంది చూశారా, అదీ గుర్తే. రోజూ తిరిగే చోట, నిబ్బరంగా ఉన్నప్పుడు రాస్తుంది. బుగ్గ రాసిన చోట సాధారణంగా చిమ్మదు. ఫ్రాన్సులో పజా అనే ఆయన ఇది పట్టుకునే, ఆ బుగ్గ వాసన నకలు చేసి సీసాలో పెట్టాడు. ఇంట్లో పెరిగే, ఆపరేషన్ అయిన పిల్లి చిమ్మిందంటే చాలాసార్లు గుండె దడదడలాడుతోందని. పక్కింటి తెల్లపిల్లి పొద్దున్నే కంచె మీద నడుస్తుంది. వీడు అద్దం తలుపు దగ్గర బిగుసుకుపోయి, కర్టెన్ కొసకు చిమ్ముతాడు. దాన్ని మీరు ధర్మమంటారు. ఆ బిగుసుకుపోవడం నేను రోజూ చూస్తున్నాను.

మావయ్య: భయముందని ఒప్పుకుంటే భయానికి కారణం తీసెయ్యి. తలుపు తెరువు. తెనాల్లో మన పెరట్లో పిల్లులకు ఎవరేం బిళ్ళలిచ్చారు?

లలిత: ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అమ్మమ్మ పాల గిన్నెలో మూతి పెట్టినదాన్ని గోనెసంచిలో వేసుకుపోయి కాలవ అవతల వదిలేసి వచ్చింది ఎవరు?

మావయ్య: పిల్లిని చంపిన పాపం గుళ్ళు కట్టినా పోదంటారు కదా. అందుకని చంపలేదు.

లలిత: చంపలేదు. ఏమైందో చూడలేదు, అంతే. ఇక్కడ గోనెసంచి బదులు షెల్టర్ ఉంది. అలవాట్లు బాగాలేవని అక్కడ వదిలేసే పిల్లుల్లో ఇల్లు పాడుచేస్తోందన్నదే తరచుగా చెప్పే కారణం. ముసురుకున్న వాసనతో ఎవరూ తీసుకోని పిల్లికి అక్కడ ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అద్దె ఇళ్ళల్లో ఉండే మనవాళ్ళే నా దగ్గరకు వస్తారు, కార్పెట్ డిపాజిట్ పోయిందని ఏడుస్తూ. వాళ్ళకు నేను పిల్లి ధర్మం గురించి చెప్పనా?

ఇక్కడ మావయ్య కాసేపు కాఫీ మీద పడ్డాడు. స్వేచ్ఛగా తిరిగిన పిల్లి సుఖపడిందని అనుకోవడం మనకు సులువు. అది రోడ్డు దాటలేకపోయిన రోజున మనం అక్కడ ఉండం కదా. అయితే లలిత మాటలోనూ ఒక ఒడుపుంది. షెల్టర్‌ను చూపించి బిళ్ళను గెలిపించడం, పెద్ద భయం చూపి చిన్న ప్రశ్నను పక్కకు నెట్టడమే. మావయ్య తర్కం మాస్టారు, అది పట్టుకోకుండా ఉండడు.

మావయ్య: షెల్టర్ కంటే బిళ్ళ మేలు. అంతమాత్రాన బిళ్ళ మంచిదని తేలలేదు. ఇంతకీ ఎట్లా మింగిస్తావు?

లలిత: చేదుగా ఉంటుంది. చేప రుచి కలిపి ద్రవంగా చేసిచ్చే ఫార్మసీలున్నాయి. చెవికి రాసే జెల్ కూడా చేస్తారు గానీ, అది ఒంట్లోకి సరిగా ఎక్కదు. తిండిలో కలపాలి.

మావయ్య: మోసం చేసి.

లలిత: నా ముక్కు మూసి మీరు ఆముదం పట్టలేదా?

మావయ్య: పట్టాను. నువ్వు పెద్దదానివయ్యావు, ఇవాళ నన్ను నిలదీశావు. రేపు ‘పోనీలే, నా మంచికే పట్టాడు’ అని కూడా అనగలవు. అప్పుడు అడగని అనుమతి ఇప్పుడు నీ దగ్గర దొరుకుతుంది. మిరియం ఎన్నాళ్ళు బతికినా ఆ మాట అనదు. వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం చెబుతారు, తల్లి నోట కరుచుకుపోతుంటే పిల్ల ఏ ప్రయత్నమూ చెయ్యకుండా వేలాడుతుందని. అక్కడ కరుచుకుపోయేది తల్లి. తల్లికి కార్పెట్ లేదు, డిపాజిట్ లేదు. నీకున్నాయి. నాకూ ఒక పెట్టె ఉంది.

లలిత: అయితే అనుమతి ఇవ్వలేని ప్రాణికి వైద్యమే చెయ్యకూడదా?

మావయ్య: చెయ్యి. కాకపోతే అనుమతి లేని చోట రుజువు గట్టిగా ఉండాలి. నీ దగ్గరున్న ఒకే ఒక సాక్షి ఆ మరక. నీ మందు నోరు మూయించేది సరిగ్గా ఆ సాక్షినే. రెండో సాక్షి కావాలి. ఇనపగుండు కాలిందో చల్లారిందో ముట్టుకుంటే తెలుస్తుంది. పిల్లిని ఎక్కడ ముట్టుకోవాలి, డాక్టరమ్మా?

లలిత వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం అది వైద్యురాలి మాటలా లేదు, ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఆ పిల్లితో ఉంటున్న మనిషి మాటలా ఉంది. బాగున్న రోజుల్లో మిరియం హాలు మధ్యలో వెల్లకిలా పడుకుంటాడు. ఇప్పుడు ఫ్రిజ్ మీద ముడుచుకుంటున్నాడు. వంటింటి తలుపు వారకు, వాకిట్లో ఆమె చెప్పులకు బుగ్గ రాసేవాడు. ఈమధ్య లేదు. తాడు ఊపితే దూకేవాడు. గోధుమపిల్లి తినే వేళకు తనూ వచ్చి రెండు మూరల దూరంలో తినేవాడు. ఇప్పుడు అది వెళ్ళిపోయాక వస్తున్నాడు. ఒళ్ళు నాక్కోవడం కూడా పొట్ట దగ్గర మితిమీరింది.

మావయ్య: ఇవన్నీ ఎక్కడైనా రాసి పెట్టావా?

లలిత: లేదు. మరకలే రాశాను.

చాలా ఇళ్ళలో ఇంతే. డాక్టర్లు అడుగుతారు, ఇంటివాళ్ళు నోటితో ఏదో చెబుతారు, కాగితం మీద మిగిలేది మరకల లెక్క. నా మట్టుకు నాకు మావయ్య అడిగింది న్యాయమే అనిపిస్తుంది. చిమ్మడం తగ్గి, పిల్లి మళ్ళీ హాలు మధ్యకు వచ్చి పడుకుంటే మందు పిల్లికి పనిచేసినట్టు. చిమ్మడం తగ్గి, అది ఫ్రిజ్ మీదే ఉండిపోతే మందు ఇంటికి పనిచేసినట్టు. తిండి కూడా చూడాలి. ఆ 2001 పరీక్షలోనే మందు తిన్న కొన్ని పిల్లులు తిండి తగ్గించాయి, పిల్లి రోజుల తరబడి తినకపోతే కాలేయానికే ముప్పు. కాబట్టి వారానికోసారి తూకం.

లలిత: సరే, రెండు వరసలు రాస్తాను. ఎడమవైపు మరకలు, కుడివైపు మిరియం.

మావయ్య: ఇల్లు ఏం మారుతుందో కూడా చెప్పు. మారాల్సింది పిల్లి ఒక్కటేనా?

లలిత: అద్దం తలుపు కింది సగానికి మసక కాగితం అంటిస్తాను, కంచె కనబడకుండా. తొట్టెలు రెండున్నాయి, మూడోది వేరే గదిలో పెడతాను. తొట్టెలు రోజూ ఎత్తి శుభ్రం చేసి, మరకలు ఎంజైముల ద్రావణంతో కడిగితేనే కొన్ని పిల్లులు తగ్గాయని డేవిస్ వాళ్ళే చూపించారు. మా ఆయన అమ్మోనియా ఉన్న దాంతో తుడుస్తున్నాడు, అది మూత్రం వాసనే, పిల్లికి ఇంకా మండుతుంది. మీ పెట్టె గరాజులోనే ఉంటుంది.

మావయ్య: ముందు ఇవి చెయ్యి. బిళ్ళ తర్వాత చూద్దాం.

లలిత: కొత్తగా మొదలైనదైతే అలాగే చేసేదాన్ని. వీడిది నెలల నాటిది, మీరు రాకముందు నుంచీ ఉంది. భయం అంత ముదిరాక కాగితం అంటించినా కంచె వైపే చూస్తూ కూర్చుంటాడు. రెండూ కలిపి మొదలుపెడతాను. మందు పూర్తిగా పట్టడానికి ఎలాగూ కొన్ని వారాలు కావాలి.

మావయ్య: ఎప్పుడు ఆపుతావు?

లలిత: ఒక్కసారిగా ఆపను. 2005లో పోల్చి చూశారు, ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ అనే ఇంకో మందు, రెండూ సమానంగానే పనిచేశాయి. రెండు నెలలు దాటి కొనసాగిస్తే ఇంకా బాగా పనిచేశాయి. ఉన్నట్టుండి ఆపితే చాలావరకు మళ్ళీ మొదలైంది. కొన్ని నెలల తర్వాత మెల్లగా తగ్గించి చూస్తాను. కొన్ని పిల్లులకు జీవితాంతం కావాలి.

మావయ్య: ఇంకొక్కటి అడుగుతాను. మూడు నెలలకు ఎడమవైపు వరస ఖాళీ. మరకే లేదు. ఇల్లు పరిమళిస్తోంది, మీ ఆయన సంతోషంగా ఉన్నాడు. కుడివైపు మాత్రం పిల్లి మందకొడిగా ఉంది, ఆడటం లేదు, బుగ్గ రాయడం లేదు. అప్పుడేం చేస్తావు?

లలిత: మోతాదు తగ్గిస్తాను. మందు మారుస్తాను.

మావయ్య: దాంతోనూ కాలేదు.

లలిత: ఆపేస్తాను.

మావయ్య: కర్టెన్ మళ్ళీ తడుస్తుంది.

లలిత: తెలుసు. అప్పుడు ఇంకో పిల్లి లేని, కిటికీలోంచి ఇంకో పిల్లి కనబడని ఇల్లు వెతికి, వాణ్ణి అక్కడికి పంపాలి. నాకు కష్టంగానే ఉంటుంది.

మావయ్య: ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసి, కింద మీ ఆయన చేత సంతకం పెట్టించు. బిళ్ళ మొదలుపెట్టకముందే. ఇల్లు ఆరాక అడిగితే ఒప్పుకోడు.