సర్టిఫికెట్ కోసమా, సేవ కోసమా?

ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: “చదువుతోపాటు మా అబ్బాయి ఇంకేం చేస్తే మంచి కాలేజీలో సీటు వస్తుంది?” అడగడంలో తప్పు లేదు. కాని దాని వెనుక మరో ప్రశ్న దాగి ఉంది. సీటు కోసం చేసే సేవ సేవ అవుతుందా?

ముందు వాస్తవం చూద్దాం. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీటుకు ప్రధానంగా ఈఏపీసెట్ ర్యాంకే ఆధారం. ఎన్.సి.సి., క్రీడల కోటాల్లో ఉన్నవి కొద్ది సీట్లే. అమెరికా వెళ్ళదలచినవారి సంగతి వేరు. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు స్వీకరించే ‘కామన్ అప్లికేషన్’లో చదువేతర కార్యక్రమాలు 10 వరకు రాయవచ్చు. ఒక్కొక్క దాని వివరణకు 150 అక్షరాలే. పది గడులున్నాయి కనుక పదీ నింపాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

మేలు పొందడం పాపమా? కాదు. హజ్ యాత్రలో వ్యాపారం చేసుకోవడాన్ని సైతం ధర్మం నిషేధించలేదు. అయితే యాత్ర హజ్ కోసం జరగాలి, వ్యాపారం దాని వెంట రావాలి. సేవా అంతే. సర్టిఫికెట్ వెంట వస్తే రానివ్వండి. అదే ముందు నడిస్తే సంకల్పం చెడుతుంది, మిగిలేది రియా, అంటే ప్రదర్శనాబుద్ధి.

1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) విద్యార్థిని ఏడాదికి 120 గంటల సేవ చేయమంటుంది. ఆ గంటలు రిజిస్టరులోనూ నిండవచ్చు, ఒక మనిషి జీవితంలోనూ నిండవచ్చు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు నీట మునిగాయి. అలాంటి వేళ పులిహోర పొట్లం అందిస్తూ ఫోటో దిగడం ఒక పూట పని. నీరు తీశాక, పుస్తకాలు తడిసి చదువులో వెనుకబడిన నలుగురు పిల్లలకు ఏడాదిపాటు ప్రతి ఆదివారం లెక్కలు చెప్పడం మరో పని. రెండోది చేసినవాడికి ఒక్క గడి చాలు.

ఇక నాయకత్వం. పదవిని ఆశించి అడిగేవారికి దాన్ని అప్పగించడానికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇష్టపడలేదు. మరి హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ధాన్యాగారాల బాధ్యత తానే కోరారు కదా! కరువు రానున్నదని, ధాన్యాన్ని కాపాడటం తనకు తెలుసని ఆయన ఎరుగుదురు. ఆయన చూసింది కుర్చీని కాదు, ఆకలిని. నాయకత్వం అమానత్, జవాబు చెప్పుకోవలసిన అప్పగింత.

మన గోదావరి తీరంలోనే చూడండి. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆనాడు ఆయనకు ఎదురైనది సన్మానం కాదు, వెలి. అయినా అండగా నిలిచిన విద్యార్థులున్నారు. వారికి ఏ కాలేజీ మార్కులు వేసింది?

కనుక విద్యార్థులారా! ఏ పనికైనా పేరు నమోదు చేసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. సర్టిఫికెట్ ఇవ్వమంటే ఈ పని మానేస్తానా? దీనివల్ల మేలు పొందేవారు ఎవరో నాకు తెలుసా? నేను వెళ్ళిపోయాక పని కొనసాగుతుందా? ఈ మూడింటికీ నిలిచిన పని ఒక్కటున్నా చాలు. సీటు రావచ్చు, రాకపోవచ్చు. ఆ నలుగురు పిల్లలు నేర్చిన లెక్కలు మాత్రం ఎక్కడికీ పోవు.