నొప్పి ఎంతుందో అడుగు

వడ్లమూడి

చిరంజీవి అమ్మాయికి,

నర్సింగ్ పూర్తి చేసుకుని క్యాన్సర్ వార్డులో చేరబోతున్నావు. "మనసు రాయి చేసుకో, లేకపోతే ఆ ఉద్యోగం చేయలేవు" అని ఈపాటికే నీకు చాలామంది చెప్పి ఉంటారు. నీ మీది ప్రేమతోనే చెప్పినా ఆ సలహా తప్పమ్మా. ఆఖరి దశ రోగుల దగ్గర పనిచేసే నర్సును కుంగదీసేది చావు ఒక్కటే కాదు. చావు తప్పదని తెలిశాక మనసు ఎలాగో సర్దుకుంటుంది. తగ్గించగలిగిన నొప్పి కళ్లెదుటే తగ్గకుండా ఉండిపోతే మాత్రం సర్దుకోలేదు. చేయవలసింది తెలిసీ చేయలేకపోయినప్పుడు పడే ఈ యాతనకు ఆండ్రూ జేమ్టన్ 1984లో, నర్సుల వృత్తి మీద రాసిన పుస్తకంలోనే, 'నైతిక వేదన' అని పేరు పెట్టాడు. రాయిగా మారినంత మాత్రాన అది పోదు. నొప్పి తగ్గించే విద్య నేర్చుకుంటే పోతుంది.

ఆ విద్య ఉంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, ఆ తర్వాతే డాక్టరు. ఒంటి నొప్పి, మనసులో భయం, పిల్లల బెంగ, దేవుడి మీద అలక అన్నీ కలిసి ఒకే బాధ అవుతాయని ఆవిడ చెప్పారు. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలన్నారు. ఇలా బాధ తగ్గించే పాలియేటివ్ సేవ ఇప్పుడు హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో, సర్కారు గోడల మధ్యే నడుస్తోంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలు. ఆ వేళ తప్పకుండా చూసేదీ, మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది కనుక దానికీ మందు రాశారా అని అడిగేదీ నర్సే. రొమ్ము మీద పుండు కుళ్లి వాసన వేస్తుంటే అయినవాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతారు. డాక్టరు చెప్పిన మీదట మెట్రోనిడజోల్ పొడి చల్లి కట్టు కడితే ఆ వాసన తగ్గుతుంది. అప్పుడు కూతురు లోపలికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోగలుగుతుంది. ఇది రాతిగుండె చేయగలిగే పని కాదు.

మార్ఫిన్ వ్యసనమవుతుందనీ, ప్రాణం తీస్తుందనీ నీతో వాదించేవాళ్లుంటారు. వ్యసన భయంతోనే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆసుపత్రులకు ఆ మందు దొరకడమే కష్టం చేసింది. 2014లో పార్లమెంటు దాన్ని సడలించింది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతూ పోతే అది ప్రాణం తీయదు, క్యాన్సర్ నొప్పికి వాడినవాళ్లు బానిసలు కావడమూ అరుదే. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. మొదటి నుంచీ పాలియేటివ్ సేవ కూడా అందినవాళ్లు సుమారు 11.6 నెలలు బతికారు, అందనివాళ్లు 8.9 నెలలు. బాధ తీర్చడం ఆయుష్షును కోయడం కాదని తేలింది కదా.

ప్రతి రోగికీ కరిగిపోతే నర్సు బతికేదెలా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. కరగడం వేరు, కరిగి కొట్టుకుపోవడం వేరు. వార్డంతటికీ నువ్వొక్కదానివే డ్యూటీలో ఉన్న రాత్రి అందరి దగ్గరా కూర్చోలేవు. నీ చేతిలో లేనిదానికి నువ్వు దోషివి కావు. నొప్పి ఎంతుందో అడగడం, రాయడం, డాక్టరు వినేదాకా చెప్పడం నీ చేతిలో ఉన్నవి. అవి చేసిన నర్సు ఏడ్చినా, మర్నాడు మళ్లీ డ్యూటీకి రాగలదు.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. బీపీ, జ్వరం రాసే కాగితం మీదే నొప్పి కూడా రాయి, సున్నా నుంచి పది దాకా. నీకు తోచింది కాదు, రోగి చెప్పిన అంకే రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ