ఖాతాలోని జ్ఞాపకం ఎవరిది?

ఒకరి అనుభవం మరొకరి స్మృతి కాజాలదు గనుక, నిన్న చూచినదీ నేడు దానిని గుర్తుపట్టేదీ ఒక్కటే అయి ఉండాలనీ, ఆ ఒక్కటి శరీరేంద్రియాలకు వేరైన స్థిరమైన ఆత్మ అనీ నైయాయికులు వాదించారు. మునుపు చూచినది ఇదేనని పోల్చుకొనే జ్ఞానానికి ప్రత్యభిజ్ఞ అని పేరు. స్థిరాత్మను అంగీకరించని బౌద్ధుడైన వసుబంధువు అభిధర్మకోశ భాష్యం చివరి ప్రకరణంలో, దేవదత్తుడు చూచినదానిని యజ్ఞదత్తుడు ఎందుకు స్మరించడనే ఆక్షేపాన్ని తానే ఎత్తి, వారి చిత్తసంతానాల మధ్య, అనగా క్షణక్షణం పుట్టి నశించే చిత్తాల రెండు ధారల మధ్య, కార్యకారణ సంబంధం లేకపోవడమే హేతువని సమాధానమిచ్చాడు. ఆ లెక్కన స్మృతికి తెగని ధార చాలు, యజమాని అక్కరలేదు. చాట్‌బాట్‌లో ఖాతా తెరిచే మనిషికి ఈ పాత వివాదం నేడు ఆచరణలో ఎదురవుతున్నది.

ఖాతాకు కాపలా కాసే సాధనాలేవీ ఆత్మను విచారించవు. పాస్‌వర్డ్ ఒక రహస్యం తెలిసి ఉండడాన్ని పరీక్షిస్తుంది. రెండంచెల ధ్రువీకరణ దానికి తోడు, ముప్పై సెకన్లకొకసారి మారే ఆరంకెల సంఖ్య వంటిదానితో, ఫోను చేతిలో ఉండడాన్ని పరీక్షిస్తుంది. పాస్‌కీ అనే కొత్త పద్ధతిలో రహస్యభాగం మనిషి పరికరంలోనో, అతడు నమ్మి అప్పగించిన తాళాల భద్రస్థానంలోనో ఉండి, సంస్థ వద్ద దాని బహిరంగ జోడు మాత్రమే ఉంటుంది గనుక, నకిలీ సైటు మోసగించి దొంగిలించడానికి వీలైన పదమంటూ ఉండదు. ఈ మూడింటిలో పాస్‌కీయే మేలైనదని చెప్పడానికి సందేహించనక్కరలేదు. అయితే ఒకసారి ప్రవేశం దొరికాక, పరికరంలో నిలిచే ఒక గుర్తును చూచి వ్యవస్థ తరువాతి మాటలన్నింటినీ ఆ మనిషివిగానే స్వీకరిస్తుంది; కీబోర్డు ముందు కూర్చున్నవారు మారినా దానికి తెలియదు.

కేవలం ప్రశ్నకు జవాబిచ్చే యంత్రమైతే దీనివల్ల పెద్ద హాని లేదు. కానీ 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీకి జ్ఞాపకాన్ని జోడిస్తున్నట్లు ప్రకటించిన తరువాత, ఖాతా ఒక సంతానమైంది. ఇంట్లో నలుగురు ఒకే ఖాతాను వాడుతున్నప్పుడు, తల్లి అడిగిన మందు వివరమూ కొడుకు చెప్పుకొన్న దిగులూ ఒకే ధారలో కలిసి, మరునాడు తండ్రికిచ్చే జవాబులో అతని సంగతులుగా పైకి రావచ్చు. దేవదత్తుడు చూచినది యజ్ఞదత్తునికి స్మృతిగా అందుతున్న స్థితి ఇది. వసుబంధువు లేదన్న సంబంధాన్ని ఖాతాయే కల్పించింది. యంత్రంలో స్మృతి ఎలా నడుస్తుందో బౌద్ధుల వివరణ చక్కగా చెబుతుందనే ఒప్పుకోవాలి. అయినా ఆ దిగులు ఎవరిది, దానిని బయటపెట్టే అధికారం ఎవరిది అన్న ప్రశ్నకు ధార జవాబు చెప్పలేదు. అక్కడ బాధను అనుభవించిన కర్త కావాలి, నైయాయికుల పట్టుదల అక్కడే సార్థకమవుతుంది. ఖాతా వివరాలను ఇతరులతో పంచుకోరాదన్న సంస్థ నిబంధనను వ్యాపార జాగ్రత్తగా మాత్రమే చూడడం పొరపాటు. మనిషికొక ఖాతా ఉండాలన్నది పరుల అంతరంగం పట్ల పాటించవలసిన ధర్మం కూడా.

ఖాతాను నిర్వహించడంలో అందరూ తేలికగా తీసుకొనే పని చెరపడం. న్యాయ వైశేషికుల మతంలో అనుభవం నశించినా దాని సంస్కారం, అనగా స్మృతికి బీజమైన ముద్ర, ఆత్మలో నిలిచే ఉంటుంది. చాట్‌జీపీటీలోనూ సంభాషణను తొలగించినంత మాత్రాన దాని నుండి భద్రపరిచిన జ్ఞాపకం పోదు, సెట్టింగులలోకి వెళ్ళి దానిని వేరుగా తొలగించాలి. జ్ఞాపకం నిలవకూడదనుకున్న మాటలకు తాత్కాలిక సంభాషణ అనే ఏర్పాటు వేరే ఉన్నది. తన సంస్కారాలను ఇలా ఒక్కొక్కటిగా చదివి తీసివేసే వీలు మనిషికి తన మనసు విషయంలో లేదు. ఖాతా విషయంలో ఉన్న ఆ వీలును, 2023 నాటి భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెరిపివేతను కోరే హక్కుగా గుర్తించడమే గాక, మరణానంతరం తన తరఫున ఆ హక్కులను వినియోగించేవారిని ముందే నియమించుకొనే అవకాశాన్ని కూడా అందులో చేర్చింది.