లాభం పదిమందిది, అప్పు ఒక్కరిది

"ఫిజికల్ ఎడ్యుకేషన్ చదివితే ఏమొస్తుంది?" అని మనవాళ్ళు అడిగితే అందులో తప్పేమీ లేదంటాను. మనలో చాలామందిమి అప్పు చేసి విమానం ఎక్కినవాళ్ళం. చదువనగానే ముందు ఫీజు, ఆ తర్వాత జీతం గుర్తుకురావడం మనకి సహజం. "డబ్బుదేముందండీ" అనే మాట సాధారణంగా డబ్బున్నవాళ్ళ నోటే వింటాం. ఇరవై రెండేళ్ళ పిల్ల నెత్తిన తీర్చలేని అప్పు పెట్టి ఆదర్శాలు బోధించడం కన్నా, ముందే లెక్క వేసుకోవడం ధర్మం. కాకపోతే ఆ లెక్క సగంలో ఆపకూడదు.

వృత్తిరీత్యా నేను అకౌంటెంటుని. ఈ మధ్య ఒక మిత్రుడు, "మా అమ్మాయి ఆటల టీచరు అవుతానంటోందిరా. నీ మాటంటే దానికి గురి. కాస్త లెక్కలు చూపించి మాన్పించు" అన్నాడు. సరే అని ఆ అమ్మాయీ నేనూ కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నాం.

అమెరికాలో తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు మొదటి ఏడు 5,500 డాలర్లు, రెండో ఏడు 6,500, తర్వాత ఏడాదికి 7,500 దాకా. వెరసి నాలుగేళ్ళకి 27,000. సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో చదివి, మిగతాది ఇంట్లోవాళ్ళు సర్దితే ఈ అప్పుతో గట్టెక్కవచ్చు. అదే డిగ్రీకి ఏడాదికి 60,000 దాటే ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. బయటికొచ్చాక జీతంలో మాత్రం తేడా ఉండదు. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో జీతం నిర్ణయించేది డిగ్రీ స్థాయి, సర్వీసు, సబ్జెక్టు కాదు. లెక్కల టీచరుకీ ఆటల టీచరుకీ ఒకటే స్కేలు. 2023లో హైస్కూలు టీచర్ల మధ్యస్థ జీతం సుమారు 65,000 డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది సుమారు 1,30,000.

అంటే సగం. మా మిత్రుడికి ఈ సగం అన్న మాట చాలు, మాన్పించడానికి. నాకు చాలలేదు. ఆ జీతం మీద 27,000 అప్పు మోయగలిగిందే. లక్షన్నర అయితే నడుం విరుగుతుంది. కాబట్టి ఆ పిల్లని ముంచేదీ తేల్చేదీ ఎక్కువగా కాలేజీ ఎంపిక.

ఇంకో సంగతి. బీదపిల్లలు ఎక్కువగా చదివే బడిలో వరసగా ఐదేళ్ళు పనిచేసిన టీచర్లకి ఫెడరల్ అప్పులో కొంత మాఫీ ఉంది. హైస్కూల్లో లెక్కలో సైన్సో చెబితే 17,500 డాలర్ల దాకా; ఆటలు నేర్పితే 5,000 దాకా. టీచర్లు దొరకని సబ్జెక్టుకి ఎక్కువ ఇస్తారు, అర్థం చేసుకోవచ్చు. కానీ కొరతని బట్టి కట్టిన వెలని మనం విలువ అనుకుంటాం.

వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. మేధోవైకల్యం ఉందని చిన్నప్పుడు ఊళ్ళో వెక్కిరించిన పిల్ల. ఆమె పరుగులో ఏదో ఉందని మొదట కనిపెట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ చూపుకి ఏ పే స్లిప్పులో గడి ఉంటుంది?

అలాగని పతకాలు చూపించి ఈ చదువుని సమర్థించడం నాకిష్టం లేదు. పతకం ఏ ఒక్కరికో వస్తుంది. మిగతా పిల్లల మాటేమిటి? మనం నలభైల్లో షుగరు వచ్చాక గంటకింతని ట్రైనరుకి ఇచ్చి నేర్చుకుంటున్నది, పదేళ్ళప్పుడు డ్రిల్లు మాస్టారు ఈల ఊది ఊరికే నేర్పాడు. ఆ లాభం మన ఒంట్లో ఉంది. ఆయన ఖాతాలో పడలేదు.

అందుకే మిత్రుడితో అన్నాను: "మాన్పించనురా. అప్పు 27,000 దాటనివ్వకు, మిగతాది నువ్వు పెట్టు. మన ఊరి హైస్కూలు గ్రౌండుకి ప్రహరీ కట్టించడానికి చందా ఇచ్చినవాడివి. అలాంటి గ్రౌండులో నిలబడే మనిషి మీ ఇంట్లోంచే వస్తానంటే కాదంటావా?" ఆలోచిస్తానన్నాడు.

ఇదే సలహా అందరికీ ఇవ్వను. తెలంగాణలో 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో పీఈటీలు 182. నూటికి రెండు కూడా కాదు. డిగ్రీ తర్వాత మరో రెండేళ్ళు బీపీఈడీ చదవడానికి పొలం అమ్ముదామా అని అడిగే తండ్రికి, సేవ గురించి చెప్పే హక్కు నాకు లేదు. "అమ్మకండి" అనే చెబుతాను. పదిమందికి చేరే లాభం కోసం ఒక్క ఇల్లు చితికిపోతే అది త్యాగం అనిపించుకోదు. ఆ పదిమందీ తమ వాటా ఎగ్గొట్టినట్టు. ఆ పదిమందిలో, ఆ మాస్టారి ఈలకి పరిగెత్తిన మనమూ ఉన్నాం.