ఎలుకకు కాపలా

మునగాలలో మా ఇంట్లో వడ్ల బస్తాల పక్కన ఏడాది పొడుగునా ఎలుకల బోను ఉండేది. పడ్డ ఎలుకను ఏం చేసేవారో పిల్లలకు చెప్పేవారు కాదు. తెల్లారేసరికి బోను కడిగి, ఎండలో బోర్లించి ఉండేది, అంతే. అలాంటి ఇంట్లో పెరిగిన మా అక్కకు, కొడుకు ఎలుకలకు మేత పెట్టే ఉద్యోగంలో చేరాడని నలుగురికీ చెప్పుకోవడానికి ఏడాది పట్టింది. అడిగినవాళ్ళకు "సైన్సు ఆఫీసులో పని" అని నెట్టుకొచ్చింది, పాపం.

ఇలాంటి ఎలుకల ఇళ్ళు హైదరాబాదుకు కొత్తేమీ కావు. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో, ప్రయోగశాల జంతువుల కోసం 1976లోనే ప్రత్యేక కేంద్రం వెలిసింది. మావాడిది ఆ సంస్థ కాదు, వేరొకటి. పేరెందుకు లెండి.

ఒకసారి చూసివచ్చాను. ఎండా చలీ లేని గది. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. వేళకు మేత, సీసాలో మంచినీళ్ళు. ఇంత వైభోగం ఎలుక ఒక్కదానికే అంటే బొద్దింక ఊరుకుంటుందా? అద్దె కట్టకుండా దిగుతుంది. వెనకే చీమలు. అవి మేత పాడుచేస్తాయి, రోగాలు మోసుకొస్తాయి. చీమలైతే కళ్ళు తెరవని ఎలుక పిల్లలను కుట్టి చంపుతాయి కూడా.

అన్నట్టు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రాణం ఉన్నదల్లా జంతువే. ఆ లెక్కన బొద్దింకా జంతువే సుమండీ! కానీ ప్రతి ఎలుకకూ లెక్క అడిగేవారున్నారు. బొద్దింకకు ఎవరున్నారు?

ఇక అసలు సంగతి. ఒకనాడు తెల్లవారుజామున మావాడు గది తలుపు తీసేసరికి, ముందురోజు పుట్టిన పిల్లలున్న పంజరం వైపు చీమలబారు సాగుతోంది. గుండె ఝల్లుమంది. బొద్దింకలకు ఇంట్లో కొట్టే మందు డబ్బా ఎవరి సంచీలోనో ఉంటే తెచ్చి కొట్టేశాడు. చీమలు చచ్చాయి, పిల్లలు బతికాయి.

అదే గదిలో నలభై ఎలుకలకు రెండు నెలలుగా ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నారు. పురుగుల మందు ఒంట్లోకి వెళితే దాన్ని విరగ్గొట్టేపని కాలేయానిది. ఆ పని తగిలినప్పుడు కాలేయం కొన్ని ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ జోరులో పరీక్షించే మందునూ త్వరగా విరగ్గొట్టెయ్యవచ్చు. ఎలుక మాత్రం పైకి నిక్షేపంలా ఉంటుంది. అంకె మారుతుంది.

రాత్రి ఫోను చేశాడు. "మామయ్యా, చెప్పాలా, వద్దా?"

నా నోట వచ్చిన మొదటిమాట రాయడానికి సిగ్గుగా ఉంది. "ఎవరన్నా చూశారా?" అన్నాను.

"నువ్వూ అదే అడిగావా!" అన్నాడు.

వాడి బాధ ఉద్యోగం గురించి కాదు. చెబితే ఆ నలభై ఎలుకలూ లెక్కలోంచి పోతాయి. వాటిని ఎలాగూ చంపుతారు. మళ్ళీ నలభై తెస్తారు, వాటినీ చంపుతారు. చెప్పకపోతే ఆ రెండో నలభై బతుకుతాయి. నిజం పక్కన నలభై చావులు, అబద్ధం పక్కన దయ! తూకం ఎటు మొగ్గాలి?

నాకు డెన్మార్కు డాక్టరు ఫిబిగర్ కథ గుర్తొచ్చింది. బొద్దింకల్లో పెరిగే ఒక పురుగు ఎలుకలకు కడుపులో పుండు పుట్టిస్తుందని, అది క్యాన్సరేనని ఆయన 1913లో ప్రకటించాడు. ఎలుకలకు బొద్దింకలనే తినిపించి మరీ చూపించాడు. 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకిచ్చారు. ఆ మార్పులకు మూలం మేతలో విటమిన్ ఏ లోపమనీ, అది క్యాన్సరు కాదనీ తరవాతివాళ్ళు తేల్చారు. ఆయన ఏదీ దాచలేదు. తెలియక జరిగిన తప్పే అంతదూరం పోయింది. తెలిసి పంపిన తప్పుడు అంకె ఏ ఊరు చేరుతుందో, ఎవరి మాత్రలో కూర్చుంటుందో! దాన్ని సరిచూడ్డానికి ఇంకెన్ని నలభైలు కావాలో!

ఒకప్పుడు మా మునగాల సంస్థానానికి దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావుగారు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టి శాస్త్ర విషయాలు తెలుగులో రాయించారు. అచ్చులో పడ్డ శాస్త్రంలో అబద్ధం ఉండదని మా నాయన నమ్మకం. ఆ నమ్మకం ఎవరి భుజాల మీద నిలిచిందో నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు. నెలజీతానికి పంజరాలు కడిగే కుర్రాడి భుజాల మీద!

"చెప్పెయ్యి" అన్నాను. నేననకపోయినా చెప్పేవాడేమో. చీవాట్లు తిన్నాడు. కొత్త ఎలుకలు నలభై వచ్చాయి.

ఇప్పుడక్కడ పురుగుల మందు కొట్టరు. గోడ పగుళ్ళు పూడ్చారు, సందుల్లో బోరిక్ పొడి వేశారు, మేత మూతబిగిసిన డబ్బాల్లో పెట్టారు. పంజరాల బల్లల కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. మా అమ్మ పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టేది, అదే ఉపాయం! మూలమూలలా జిగురు అట్టలు. వాటికి అంటుకున్న బొద్దింక వెంటనే చావదు, చాలాసేపు కాళ్ళాడిస్తుంది. అదేం న్యాయంరా అంటే మావాడు మాట్లాడలేదు.

సంక్రాంతికి మునగాల వచ్చాడు. పాత బోను దులిపి, ఎండుకొబ్బరి ముక్క గుచ్చి, బస్తాల పక్కన తనే పెట్టాడు.

"ఏరా, నువ్వేనా?" అన్నాను.

"ఈ ఎలుకలు వేరు మామయ్యా."

"ఎట్లా వేరు?"

బోను తలుపు సరిగా పడుతోందో లేదో రెండుసార్లు చూసుకుని, "అమ్మ అన్నానికి పిలుస్తోంది, పద" అన్నాడు.